ఆధారం మాయమయ్యాక అప్పీలు ఎవరి కోసం?

విజయవాడ శివార్లలోని ఇబ్రహీంపట్నం హాస్టల్‌లో 2007 డిసెంబరు 27న ఒక ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. మరుసటి ఏడాది పోలీసులు ఒక పేద యువకుణ్ణి ముద్దాయిగా నిలబెట్టి కేసు ఛేదించామన్నారు. 2010లో మహిళా కోర్టు శిక్ష విధించింది. 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా ప్రకటించి, లక్ష రూపాయల పరిహారం ఇమ్మంది. ఎనిమిదేళ్ల చెరకు లక్ష! ఆ లెక్క అలా ఉండనీ. 2018లో మళ్లీ దర్యాప్తు మొదలయ్యాక బయటపడిన సంగతి అంతకంటే దారుణం. అప్పీలు పెండింగులో ఉండగానే కింది కోర్టులోని వస్తు సాక్ష్యాలు ధ్వంసమయ్యాయి. చివరికి 2019 డిసెంబరులో తెనాలిలో సమాధి తవ్వి నమూనాలు తీయవలసి వచ్చింది. దోషి ఎవరో చెప్పగల ఆధారాన్ని న్యాయస్థానం ఆవరణే మింగేసింది.

బ్రిటన్‌లో 1986 నాటి హత్యకు మరుసటి ఏడాది యావజ్జీవం పడిన వ్యక్తికి 2025 మే నెలలో విముక్తి లభించింది. నాటి నమూనాలను కొత్త పద్ధతిలో పరీక్షిస్తే డీఎన్‌ఏ మరొకరిదని తేలింది. అక్కడి సమీక్షా సంఘమూ తొలుత అతని మొర ఆలకించలేదు. 38 ఏళ్లు పోయాయి. అయినా నమూనా మిగిలింది గనుకే మనిషి బయటపడ్డాడు.

ఇక్కడ అలాంటి సంఘమే లేదు. అప్పీలులో అదనపు సాక్ష్యం తీసుకోవచ్చునన్న పాత 391వ సెక్షన్, కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 432గా అంకె మార్చుకుంది. అది కోర్టు విచక్షణే తప్ప శిక్షితుడి హక్కు కాదు. ఏడేళ్లు, ఆపైన శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలికి వెళ్లాలంటుంది అదే చట్టంలోని 176వ సెక్షన్. సేకరణపై ఇంత శ్రద్ధ చూపిన ఏలికలు, తీర్పు తరువాత ఆ నమూనాల గతి గురించి నోరు విప్పలేదు. 2025 జూలైలో తమిళనాడుకు చెందిన మరణశిక్ష ఖైదీని విడుదల చేస్తూ సుప్రీంకోర్టు, డీఎన్‌ఏ నమూనాలు 48 గంటల్లో ల్యాబ్‌కు చేరాలనీ, చేతులు మారిన ప్రతిసారీ రిజిస్టరులో నమోదు కావాలనీ ఆదేశించింది. మంచిదే. కానీ పునఃపరీక్ష కోరే హక్కు మాత్రం ఇంకా ఎవరికీ దక్కలేదు.

తీర్పులను తిరగదోడుతూ పోతే కేసులకు అంతుండదన్నది ప్రభుత్వ న్యాయవాదుల పాతపాట. తిరగదోడకపోవడం వల్ల హతురాలి తల్లిదండ్రులకు దక్కిన శాంతి ఏదో వారు తెనాలి వెళ్లి చెప్పాలి. నిర్దోషి జైల్లో ఉన్నంతకాలం హంతకుడు బయటే తిరుగుతాడు.

పార్లమెంటు చేయవలసినది ఒక చిన్న సవరణ. శిక్షాకాలం పూర్తయ్యేవరకు నమూనా చెరిపివేయరాదు; శిక్షితుడు కోరితే ప్రభుత్వ ఖర్చుతో మళ్లీ పరీక్షించాలి; ధ్వంసమైతే గుమాస్తాతో సరిపెట్టక, కస్టడీ అధికారి జవాబు చెప్పాలి.