వంటింటి దర్వాజ దాటగానే మూడడుగుల మట్టి

ఇల్లు కట్టుకునేటప్పుడు మనల్ని ఏమేం అడుగుతారో ఒకసారి గుర్తు చేసుకోండి. వంటింటి గట్టు ఎంత ఎత్తుండాలి, టైల్స్ ఏ రంగు, దేవుని అర్ర ఏ మూల. అంతే. ఇంటి చుట్టూ మిగిలిన జాగా గురించి ఎవరూ అడగరు. మేస్త్రీ, ఇంటాయన, వాస్తు చూసిన పెద్దమనిషి ముగ్గురూ కూర్చుని తేల్చేస్తారు. తేల్చేది కూడా ఎప్పుడూ ఒకటే, గేటు నుంచి వెనక గోడ దాకా సిమెంటు. "బురద ఉండదు, ఊడ్చుకోను అల్కగుంటది" అని మనకే మేలు చేసినట్టు చెప్తారు. ఇంట్లోకి దిగి ఆరు నెలలు తిరగకముందే పది రూపాయల కొత్తిమీర కోసం పిల్లగాణ్ని బండి మీద బజారుకు తోలుతుంటాం.

2016 దసరాకు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ జిల్లాలయ్యాయి. అప్పటి నుంచి ఈ మూడు పట్నాల అంచుల్లో కొత్త ఇండ్లు లేస్తూనే ఉన్నాయి. మా అమ్మగారిల్లు జనగామ దిక్కు, అత్తగారిల్లు మానుకోట, మా అక్క ఉండేది భూపాలపల్లిలో. మూడు చోట్లకూ బస్సుల్లో తిరిగేదాన్ని కాబట్టి చూసిందే చెప్తున్నా. కొత్త ఇండ్ల ముందు క్రోటన్లున్నాయి, ప్లాస్టిక్ గడ్డి ఉంది, రంగు గులకరాళ్లున్నాయి. నోట్లో పెట్టుకునే ఆకు మాత్రం కనపడదు. ఒకవేళ ఉన్నా మేడ మీద, నీళ్ల ట్యాంకు పక్కన, సగం ఎండిపోయి ఉంటుంది.

మేడ మీద తోటలు వద్దని నేననను. చేసేవాళ్లు అద్భుతంగా చేస్తున్నారు. కానీ పొయ్యి మీద నూనె కాగుతుంటే మెట్లెక్కి పోయి కల్యామాకు తెంపుకొచ్చే ఓపిక ఎవరికుంటుంది? రెండు రోజులు పోతాం, మూడో రోజు "ఇయ్యాల కల్యామాకు లేకున్నా నడుస్తది" అనుకుంటాం. తెంపని చెట్టు దగ్గరికి పోము, పోని చెట్టుకు నీళ్లు పొయ్యం. అందుకే నా లెక్కలో ఆకుల తోటకు మొదటి కొలత అడుగులే. పొయ్యి దగ్గర నుంచి పది అడుగుల్లో మొక్క చేతికందాలి. అందం సంగతి దాని తర్వాత, కాదు కాదు, అందం కూడా దాన్ని బట్టే వస్తుంది. ఎందుకంటే ఈ జాతి మొక్కలు తెంపిన కొద్దీ అందమవుతాయి. తులసి కొన గిల్లితే అక్కడ రెండు కొమ్మలు లేస్తాయి. వెన్నులు వచ్చినవి వచ్చినట్టు తుంచకపోతే మొక్క గింజ మీద పడి, కింద ఆకు రాలి, పుల్లలా మిగులుతుంది. కల్యామాకు కూడా అంతే, పైన కోస్తుంటే గుబురుగా, వదిలేస్తే గోడకంటే ఎత్తుకు పోయి అందకుండా ఉంటుంది. రోజూ వంట చేసే చేయే దీనికి తోటమాలి.

ఫోన్లో వచ్చే ఫొటోలు చూసి చాలామంది మోజు పడుతున్నారు. నత్తగుల్లలా రాళ్లు చుట్టలు చుట్టి, మట్టి నింపి, పైనుంచి కింది దాకా మొక్కలు పెట్టే మడి ఒకటి బాగా తిరుగుతోంది. దాని వెనక ఆలోచన మంచిదే. పైన నీళ్లు ఆగవు కాబట్టి పొడినేల కోరే మొక్కలు, అడుగున తేమ నిలుస్తుంది కాబట్టి పుదీన లాంటివి. కానీ పైన వాళ్లు పెట్టే రోజ్‌మేరీ, థైమ్ మనం ఏ పప్పులో వేసుకుంటాం? పైగా మన మే నెల ఎండకు ఆ రాళ్లు పెనంలా కాలుతాయి. ఆలోచన తీసుకుని రాళ్లు వదిలేయడం మేలు. గట్టుగా ఉన్న చోట వామాకు, నీళ్లు జారి చేరే చోట పుదీన పెడితే సరిపోతుంది.

మానుకోటలో మా వెనక దర్వాజ తూర్పుకు ఉంది. పొద్దటి ఎండ పడుతుంది, పన్నెండు దాటితే ఇంటి నీడే కాపాడుతుంది. పడమటి ఎండైతే వేసవిలో కొత్తిమీర ఒక్క వారం కూడా ఆగదు. అక్కడ మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు మట్టి. మోకాళ్ల మీద కూర్చుంటే అవతలి అంచు చేతికందాలి, అందుకే మూడడుగులు. కాంపౌండు గోడ వైపు మూలకు కల్యామాకు, దాని పక్కన నిమ్మగడ్డి పొద. వాటి ముందు నల్ల తులసి, వామాకు. ఊదా రంగు తులసి పక్కన లేత ఆకుపచ్చ, మందపాటి వామాకు పడితే చూపు అక్కడే ఆగుతుంది, పువ్వు ఒక్కటి లేకున్నా. అంచున మెంతి, కొత్తిమీర సాళ్లు. అన్నీ ఒకే రోజు చల్లొద్దు. పదిహేను రోజులకొక సాలు చల్లితే ఒకటి కోతకు వచ్చేసరికి ఇంకొకటి మొలకెత్తుతుంది, నేల బోడిగా కనపడదు. ధనియాలు రెండు బద్దలయ్యేలా చెప్పుతో రుద్ది చల్లాలని మా అత్తమ్మ నేర్పింది. అడుగు తీసేసిన పాత బకెట్‌ను అంచు దాకా భూమిలో పాతి అందులో పుదీన. లేకపోతే అది వేళ్లు పాకించి మడి మొత్తం తనదే అంటుంది. చుట్టూ మిగిలిపోయిన షాబాదు బండ ముక్కలు నిలబెట్టాం. ఒక మూల బంతి, బతుకమ్మకు అక్కరకొస్తుంది.

కోతుల సంగతి అడుగుతారని తెలుసు. మా దిక్కు కోతులు వంకాయను బతకనియ్యవు, బెండను బతకనియ్యవు. మా ఇంట్లో చూసినంత వరకు పుదీన, వామాకు, నిమ్మగడ్డి వాసన చూసి వదిలేస్తున్నాయి. మిగతా ఇండ్లలో ఎట్లుందో మీరే చెప్పాలి.

జనగామ దిక్కు వేసవిలో నీళ్లే పెద్ద లెక్క. అక్కడ మా అమ్మ చేసేది చాలా పాత పద్ధతి. కుమ్మరి దగ్గర తెచ్చిన మట్టి కుండను మెడ దాకా మడి నడుమ పాతి, నీళ్లు నింపి, మూత పెడుతుంది. కుండ గోడల్లోంచి తేమ కొద్దికొద్దిగా వేళ్లకు అందుతుంది. పైన పోసే నీళ్లలో సగం ఎండే తాగుతుంది కదా, ఆ బాధ లేదు. రంగు వేయని, కొత్త కుండ అయ్యుండాలి. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు అందులోకే. బాసాన్లు తోమిన సబ్బు నీళ్లు మాత్రం తినే ఆకుల దగ్గరికి రానియ్యొద్దు. పెంబర్తి అక్కడికి దగ్గరే కాబట్టి ఇత్తడి కుండీ చేయించుకుంటే ఎంత బాగుంటుందో అని మా పిన్నికి ఆశ. బాగుంటుంది, వరండాలో. కానీ మొక్కకు కుండీ అడుగున రంధ్రం కావాలి. అంత పనితనమున్న ఇత్తడికి మొల దిగ్గొట్టడానికి ఎవరికి చేతులొస్తాయి?

భూపాలపల్లిలో అక్క వాళ్లది కిరాయి ఇల్లు. నేల తవ్వనియ్యరు, ఎప్పుడు ఖాళీ చేయాలో తెలియదు. అందుకని పెయింటు డబ్బాలే తోట. అన్నిటికీ ఒకే జాజురంగు పూసి, వంటింటి కిటికీ కింద ఎత్తు పీట, తక్కువ పీట వేసి రెండు వరుసల్లో పెట్టింది. ఒకే రంగు పూయడంతోనే గలీజు డబ్బాల కుప్ప కాస్తా తోటలా కనబడింది. బొగ్గు గనుల ఊరు, దుమ్ము తప్పదు. వామాకు లాంటి నూగు ఆకుల మీద దుమ్ము పట్టి కూర్చుంటుంది. నున్నటి కల్యామాకు అయితే ఒక్క కడుగుకు పోతుంది. దుమ్ము ఊళ్లో ఉండేవాళ్లు ఏ మొక్క పెట్టాలో అనుకునేటప్పుడు ఇది కూడా చూసుకోవాలి.

ఇక మందు మొక్కల మాట. కరోనా వచ్చినప్పటి నుంచి ప్రతి ఇంటి గోడ మీదా తిప్పతీగ. నేల ఉసిరి, నేలవేము కూడా అడిగి తెచ్చుకుంటున్నారు. జలుబుకు తులసి, మిరియాల కషాయం పెట్టుకుంటే ఎవరూ కాదనరు, నేనూ పెడతాను. కానీ పిల్లల కండ్లు పచ్చబడితే పెరట్లోంచి పసరు పిండి తాగించి, "మూడు రోజులు చూద్దాం" అనే అలవాటు మన దిక్కు ఇంకా పోలేదు. కామెర్లు అనేది కాలేయం చెప్తున్న మాట. రక్తపరీక్ష చేయిస్తే తప్ప అది ఎందుకొచ్చిందో పసరుకూ తెలియదు, పసరు పోసినవాళ్లకూ తెలియదు. ఆకుల మడి పచ్చడికి, చారుకు, మహా అయితే గొంతు గరగరకు. దాన్ని దవాఖానా చెయ్యొద్దు. ఇంకొకటి, పూజకు పూలున్నాయని గన్నేరును ఈ మడి పక్కన పెట్టొద్దు. గన్నేరు ఆకు నుంచి వేరు దాకా విషమే. పిల్లలకు "ఇక్కడిది ఏ ఆకైనా తెంపుకొని రా" అని చెప్పగలిగేలా మడి ఉండాలి.

అసలు చిక్కు ఎక్కడంటే, ఇల్లంతా మెచ్చుకునే తోటకు నీళ్లు పోసేది ఒక్కరే. "మా ఇంట్లో అన్నీ ఇంటి ఆకులే" అని చుట్టాలతో చెప్పేది ఆయన, పొద్దున సాన్పి చల్లి, టిఫిన్ డబ్బాలు కట్టి, చెంబు పట్టుకుని తిరిగేది మనం. నాలుగు రోజులు తల్లిగారింటికి పోయి వచ్చేసరికి మెంతి పండబారి ఉంటుంది. అందుకే చిన్న మడి అంటున్నా, అందుకే పాతిన కుండ అంటున్నా. మన లేని నాలుగు రోజులు కుండ నింపే పని ఎవరిదో ముందే మాట్లాడుకోవాలి కూడా. రోజూ చేసే మనిషే ఎక్కడ, ఎంత అనేది చెప్పాలి. చేయనివాళ్లు గీసిన తోట మనకు ఇంకో చాకిరీ అవుతుంది.

కాబట్టి ఇల్లు కడుతున్నవాళ్లుంటే, సిమెంటు లారీ రాకముందే ముగ్గుపిండి తీసుకుని వంటింటి దర్వాజ బయట మీ జాగా మీరే గీయండి. మేస్త్రీ "గోడకు చెమ్మ పడ్తదక్కా" అంటాడు. ఆయన మాట అబద్ధం కాదు. ఇంటి గోడ వెంట అడుగున్నర వదిలి, బయటికి వాలు పెట్టి అక్కడ సిమెంటు వేసుకొమ్మనండి. మట్టి దాని అవతలి నుంచి మొదలవుతుంది. ఇప్పటికే సిమెంటు పోసి ఉంటే మూడు బై ఆరు కోయించడం ఒక్క పూట పని. తీసిన పెళ్లలు పారెయ్యకండి, అంచుకు నిలబెట్టుకోవచ్చు. కింద నుంచి వచ్చే మట్టి చౌడు, మొరం అయి ఉంటుంది, అడుగు లోతు తీసేసి ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి నింపండి. మొదటి వానకు అది కొంచెం కుంగుతుంది, మళ్లీ రెండు తట్టలు పోయాల్సి వస్తుంది.