పరాన్నజీవి అన్న మాట చాలునా?

మన పాఠ్యపుస్తకాలలో స్థిరపడిన చక్కని శాస్త్రపదాలలో ‘పరాన్నజీవి’ ఒకటి. పరుల అన్నముతో జీవించేది. ‘అద్’ ధాతువు నుండి పుట్టిన అన్న శబ్దానికి తినబడేదని అర్థం. వినగానే భావం స్ఫురించే మాట. అయినా మా నెల్లూరు తీరపు రొయ్యల గుంటలను పీడిస్తున్న ఒక సూక్ష్మజీవిని గురించి చదివిన తరువాత, ఈ పదం దానికి చాలదని నాకు తోచింది. తెలుగు పండితుడికి జీవరసాయనంతో పనేమిటని మిత్రులు అడగవచ్చు. మాట అర్థం కానిచోటనే మోసానికి తావు దొరుకుతుంది. అందుకే ఈ టపా.

ఏ కణమైనా తన పనులకు ఖర్చుపెట్టే నాణెం ఏటీపీ. 1929లో దానిని కనుగొన్నవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి ఆ పని చేశారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా కనుగొన్నాడు. మన కణాలు గ్లూకోజును ముందు గ్లైకాలసిస్ అనే మెట్ల వరుసలో విరుస్తాయి. అక్కడ నికరంగా మిగిలేవి 2 ఏటీపీలే. ఆ తరువాత కణశక్త్యాగారాలు, అంటే మైటోకాండ్రియాలు, ప్రాణవాయువు సాయంతో ఆ లెక్కను సుమారు 30కి చేరుస్తాయి.

జిగట విరేచనాలు కలిగించే అమీబాకు ఈ రెండో అంకం లేదు. ప్రాణవాయువు అరుదైన పెద్దప్రేగులో దాని కాపురం. దాని మైటోకాండ్రియాలు క్షీణించి, ఏటీపీ తయారు చేయలేని అవశేషాలుగా మిగిలాయి. అందుచేత అది పొదుపు నేర్చింది. గ్లైకాలసిస్‌లో మన ఎంజైము ఏటీపీని ఖర్చుపెట్టే ఒక మెట్టు దగ్గర, అమీబా ఎంజైము పైరోఫాస్ఫేటును వాడుతుంది. అది కణంలోని ఇతర పనుల్లో మిగిలే వ్యర్థపదార్థం. ధాన్యం ఆడించగా మిగిలిన ఊకతో పొయ్యి వెలిగించుకొనే ఇల్లాలి నేర్పు అది. అన్నం పరులదే, వంట మాత్రం తనది. ‘పరాన్నజీవి’ అన్న పేరు దీనికి అతికినట్టు సరిపోతుంది.

ఆ వంటలోని తేడాయే వైద్యుడికి ఆయుధమయింది. మెట్రోనిడజోల్ స్వతహాగా ఉన్న రూపంలో విషం కాదు. ప్రాణవాయువు లేకుండా బ్రతికే ఇటువంటి జీవుల ఎంజైములు దానికి ఎలక్ట్రాన్లు అందించినప్పుడే అది విషమై వాటినే చంపుతుంది. ఆ ఎంజైములు మనకు లేవు కనుక మనం బ్రతికిపోతాం. రోగి ఎలా తింటున్నాడన్నదే కాదు, రోగకారి ఎలా వండుకొంటున్నదన్నదీ తెలిస్తేనే మందు తెలుస్తుంది.

ఇక మా గుంటలకు వద్దాం. వెనామీ రొయ్యను 2009లో మన దేశంలో అనుమతించారు. అదే ఏడు థాయ్‌లాండ్ శాస్త్రజ్ఞులు టైగర్ రొయ్యలో ఒక ఏకకణజీవికి ఎంటెరోసైటోజూన్ హెపటోపెనై అని పేరు పెట్టారు. రైతుల నోట అది ఈహెచ్‌పీ. శిలీంధ్రాలకు దగ్గరి చుట్టం. రొయ్య తలభాగంలో కాలేయమూ క్లోమమూ చేసే పనులు రెంటినీ తానే చేసే గ్రంథి ఒకటున్నది; దాని కణాల లోపల చేరుతుంది. దాని జన్యువులను చదివిన శాస్త్రజ్ఞులు తెల్లబోయారు. ఏటీపీ చేసే మైటోకాండ్రియాలు లేకపోవడమే కాదు, గ్లైకాలసిస్ మెట్లు కూడా దాదాపు అన్నీ ఊడిపోయాయి. అంటే పొయ్యే లేదు! ఈ జాతి జీవులు తమ పొరలోని ప్రత్యేక ద్వారాల గుండా ఆతిథేయి కణంలోని ఏటీపీని నేరుగా లోపలికి లాక్కొంటాయి.

రొయ్యల గుంటలున్న నా పూర్వ విద్యార్థి ఒకడు, “రొయ్య మేత తింటానే వుందయ్యోరా, పెరగడం మాత్రం ల్యా” అని వాపోయాడు. ఆ ఒక్క వాక్యంలో రోగలక్షణమంతా ఉన్నది. తెల్లమచ్చ వైరస్ వలె ఇది గుంటను రోజుల్లో ఖాళీ చేయదు. మేత ఖర్చు సాగుతూనే ఉంటుంది, కౌంటు మాత్రం రాదు. పైగా అతనికి ఎవరో యాంటీబయాటిక్ అంటగట్టారు. డబ్బా మీద ఒక్క తెలుగు అక్షరం లేదు.

యాంటీబయాటిక్ గురిపెట్టేది బాక్టీరియాను. రొయ్య కణంలో దాగి దాని ఏటీపీతోనే బ్రతికే ఈ జీవికి అది తగలదు. తగిలేది రైతుకే. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు, చివరకు మన మెట్రోనిడజోల్ కూడా రొయ్యల సాగులో నిషిద్ధ ఔషధాల పట్టికలో ఉన్నాయి. వాటి అవశేషాలు కనబడితే విదేశాలలో సరుకు తిరగ్గొడతారు. గుంటలో దిగిన ఈహెచ్‌పీకి నమ్మదగిన మందు లేదు. ఉన్నది ముందుజాగ్రత్తే. పిల్లను పీసీఆర్ పరీక్ష చేయించి వదలాలి. పంట తీశాక గుంటను ఎండగట్టి, హెక్టారుకు 6 టన్నులకు తగ్గకుండా కాల్చిన సున్నం మట్టిలో కలియదున్ని తడపాలి. ఉదజని సూచిక 12కు చేరితేనే మట్టిలోని సిద్ధబీజాలు చస్తాయి.

ఈ నాలుగు వాక్యాలు రైతుకు అతని భాషలో, కారణంతో సహా చేరాలన్నదే నా వాదం. “ఈ మందు వద్దు” అంటే వినడు. ఎందుకు వద్దో తెలిస్తే అమ్మేవాడినే ప్రశ్నిస్తాడు. శాస్త్రం తెలుగులో పదో తరగతితో ఆగిపోవడం భాషాభిమానుల బెంగ మాత్రమే కాదు, గుంటగట్టున కూర్చున్నవాడి అప్పు కూడా.

అన్నం కాక వండిన శక్తినే అపహరించే ఈ జీవిని నేను ‘పరశక్తిజీవి’ అంటున్నాను. ‘పరాశక్తి’తో పొరబడే ప్రమాదం ఉన్నదని నాకూ తెలుసు. ఇంతకంటె మంచి తెలుగు మాట తోచినవారు వ్యాఖ్యలో వ్రాయండి.