పేరు లేని రచయిత, పేరు వెతికిన పాఠకులు

1954లో ‘చందమామ’ పత్రికలో ‘తోకచుక్క’ ధారావాహిక మొదలైంది. కుండలినీ ద్వీపం సేనాని సమరసేనుడు, చతుర్నేత్రుడు, ఏకాక్షి అనే మాంత్రికులు తెలుగు పిల్లల ఊహల్లో కాపురం పెట్టారు. 1978 దాకా అలాంటి ధారావాహికలు పన్నెండు వచ్చాయి: కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం... ప్రతి నెలా కథ సరిగ్గా ఉత్కంఠ దగ్గర ఆగేది. తర్వాతి సంచిక వచ్చేలోగా ఏమవుతుందో పిల్లలే తలొక రకంగా అల్లుకునేవారు.

బడి పుస్తకమంటే బద్ధకించే పిల్లల చేత కూడా పేజీలకు పేజీలు తెలుగు వచనం చదివించింది ఆ ఎదురుచూపే. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా పత్రిక సంపాదకత్వం చూసింది రచయిత కొడవటిగంటి కుటుంబరావు. రాక్షసులు, మాయలు ఎన్ని ఉన్నా వాక్యం తేటగా ఉండేది. అక్షరాలు కూడబలుక్కునే వయసులో అబ్బిన ఆ తేట తెలుగు చాలామందిని జీవితాంతం పాఠకులుగా నిలబెట్టింది.

కథ మీద రచయిత పేరు మాత్రం ఉండేది కాదు.

ఆయన దాసరి సుబ్రహ్మణ్యం. చందమామ సంపాదకవర్గంలోనే అర్ధ శతాబ్దం గడిపి, 2010 జనవరిలో కన్నుమూశారు. ఆయన పేరు పదిమందికీ తెలిసిందంటే అది పాఠకుల చలవే. చిన్నప్పుడు ఆ కథలు చదివినవాళ్లు పెద్దయి, దేశదేశాల్లో స్థిరపడ్డాక కూడా పాత సంచికలు వెతికారు. విడి భాగాలను జతచేశారు, స్కాన్ చేసి ఒకరికొకరు అందించుకున్నారు. తమ బాల్యాన్ని వెలిగించిన మనిషి ఎవరో తెలుసుకుని, ఆయన గురించి వ్యాసాలు రాశారు. బాల్యంలో చదివిన కథ నడివయసులోనూ మనిషి చేత ఇంత పని చేయించింది.

1947లో నాగిరెడ్డి, చక్రపాణి నెలకొల్పిన చందమామ ఇప్పుడు రావడం లేదు. ధారావాహికలు మాత్రం పుస్తకాలుగా వచ్చాయి. హైదరాబాద్ శివార్లలోని కొంపల్లి, శామీర్‌పేట అపార్ట్‌మెంట్లలో పెరుగుతున్న పిల్లలకు హ్యారీ పోటర్ బాగా తెలుసు. అద్భుత కథ మీద ఆకలి వాళ్లకు ఎప్పుడూ ఉంది. తెలుగు చదవడానికి తడబడుతున్నారని వాళ్లకు ఈ కథలు దూరం చేయడం అన్యాయం. ఇంట్లో పెద్దవాళ్లు రాత్రికొక భాగం పైకి చదివి వినిపించవచ్చు. మొదలుపెట్టే ముందు, ఇది రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారని తప్పకుండా చెప్పాలి.