ఖండనలు సరే, తైబే సంగతేమిటి?

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వైపు వెళ్తుంటే 'పరిశుద్ధ దేశ యాత్ర' అనే ట్రావెల్స్ బోర్డులు కనబడతాయి. పక్క రాష్ట్రంలోనైతే 2019లో ఈ యాత్రకు ప్రభుత్వ సాయాన్ని తక్కువ ఆదాయం వారికి 60 వేల రూపాయలకు పెంచారు. వెళ్లినవారిని అడగండి. యెరూషలేము నుంచి బేత్లెహేముకు పోయేటప్పుడు బస్సు ఒక గోడ దాటుతుంది. చాలాసార్లు అక్కడ గైడు కూడా మారతాడు. గోడ అవతల ఉన్నది 1967 నుంచి ఇశ్రాయేలు సైన్యం అధీనంలో ఉన్న వెస్ట్ బ్యాంక్. తూర్పు యెరూషలేమును కలపకుండానే అక్కడ దాదాపు 5 లక్షల మంది యూదు సెటిలర్లున్నారు.

ఆ నేల మీదే తైబే ఉంది, క్రైస్తవుల ఊరు. యోహాను సువార్త 11వ అధ్యాయంలోని ఎఫ్రాయిము ఇదేనని సంప్రదాయం. 2025 జూలైలో అక్కడి పురాతన సెయింట్ జార్జి చర్చి దగ్గర మంటలు లేచాయి. ఇది సెటిలర్ల పనేనని ఊరి గురువులు చెప్పారు. యెరూషలేము సంఘ పెద్దలు, 20కి పైగా దేశాల దౌత్యవేత్తలు వచ్చి చూశారు. ఇశ్రాయేలుకు గట్టి మద్దతుదారు, ఒకప్పటి బాప్టిస్టు పాస్టరు, అమెరికా రాయబారి మైక్ హకబీ కూడా వచ్చి దోషులను శిక్షించాలన్నారు. చేసిందెవరో మాత్రం చెప్పలేదు.

నెల తిరిగేసరికి, ఆగస్టు 20న, యెరూషలేముకు తూర్పున ఇ-1 ప్రాంతంలో సుమారు 3,400 ఇళ్లకు ఆమోదం వచ్చింది. మళ్లీ ఖండనలే. 2016లో భద్రతా మండలి 14–0 ఓట్లతో 2334 తీర్మానం చేసినా సెటిల్‌మెంట్లు ఆగలేదు కదా! కాస్త పనిచేసింది డబ్బు మీద పడిన దెబ్బ. 2024 ఫిబ్రవరిలో అమెరికా కొందరు సెటిలర్లపై ఆంక్షలు పెడితే, ఇశ్రాయేలు బ్యాంకులే వారి ఖాతాలను నిలిపేశాయి. 2025 జనవరి 20న పదవిలోకి వచ్చిన రోజే ట్రంప్ ఆ ఉత్తర్వును ఎత్తేశారు.

మన దేశం? 2023 నవంబరులో సెటిల్‌మెంట్లను ఖండించే ఐక్యరాజ్యసమితి తీర్మానానికి ఓటేసింది. ఆక్రమణను 12 నెలల్లో ముగించాలన్న 2024 సెప్టెంబరు తీర్మానానికి ఓటు వేయకుండా తప్పుకుంది. ఏడాది తర్వాత రెండు దేశాల పరిష్కారాన్ని కోరే న్యూయార్క్ ప్రకటనను బలపరిచింది. ఈ మధ్యలోనే పాలస్తీనా కూలీలకు అనుమతులు ఆగిన కట్టడాల్లోకి తెలంగాణ నుంచి మేస్త్రీలను ఎంపిక చేశారు. పొట్టకూటికి వెళ్లినవారిని తప్పు పట్టలేం.

2023 అక్టోబరు 7న హమాస్ చేసిన నరమేధాన్ని ఎవరూ మరువకూడదు. అయితే తైబే వారు హమాస్ కాదు, మనలాగే ఆదివారం గుడికి వెళ్లేవారు. కొన్ని సంఘాల్లో ఇశ్రాయేలు జెండా కట్టి ప్రార్థించేటప్పుడు వీరి ఊసే రాదు. యాత్ర జాబితాలో కూడా వీరి ఊరు కనబడటం అరుదు. యెరూషలేము నుంచి అక్కడికి సుమారు 30 కిలోమీటర్లే. ఈసారి డబ్బు కట్టేముందు ట్రావెల్స్ వారిని ఆ ఒక్క పూట గురించి అడిగి చూడండి.