గుంతలో పోస్తే రీసైక్లింగ్ అయిపోతుందా?



కింద మెయిన్ రోడ్డు కొత్తగా వేసేటప్పుడు తవ్వి తీసిన పాత తారు పెళ్లలు తెచ్చి మా ఊరి దారి గుంతల్లో పోశారు. రోలర్ మొహం కూడా చూడలేదు ఆ దారి. అడిగితే "ఇది రీసైక్లింగ్, పర్యావరణానికి మంచిది" అన్నాడు కాంట్రాక్టర్ మనిషి. మాకే పర్యావరణం పాఠం!

పాత తారు వాడొద్దని మేం అనట్లేదు. అది వాడినంత మేర కొత్త కంకర అక్కర్లేదు, అంత మేర మా కొండలు మిగులుతాయి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ తారు రోడ్ల రీసైక్లింగ్ మీద 2015లోనే ఐఆర్‌సీ 120 అని పుస్తకమే తెచ్చింది. కానీ ఫిల్లింగ్‌గా వాడాలంటే పెళ్లల్ని నలగ్గొట్టాలి, జల్లించాలి, కొత్త కంకర కలిపి పలచటి పొరలుగా రోలర్‌తో తొక్కించాలి. తారు అంటిన రాయి బరువు పడేకొద్దీ మెల్లగా జారుతుంది, అందుకే ఆ కంకర కలపడం. పెద్ద పెళ్లలు అలాగే పడేస్తే మధ్యలో ఖాళీలుంటాయి. వాననీళ్లు అందులోకి దిగి అడుగు మట్టిని లాక్కుపోతాయి. మా దారి కుంగింది అలాగే.

ఈ వానాకాలం అంబులెన్స్ గెడ్డ అవతలే ఆగిపోయింది. నెలలు నిండిన వదినను డోలీలో మోసుకెళ్లాం.

బిల్లులో ఎన్ని పొరలు, ఎంత మందం రాసుకున్నారో ఆర్టీఐ పెడుతున్నాం. మీ ఊళ్లోనూ ఇలాగే పోసుంటే ఫోటోలు, తేదీలు పంపండి.