క్రీమే కదా అనుకోవద్దు, ముందు ట్యూబు మీద చదవండి



ఈసారి పోడు పట్టాల గురించో, జీవో 3 గురించో రాయట్లేదు. మన ఒంటి మీద చర్మం గురించి రాస్తున్నాను. ఇదేం పెద్ద విషయం అని నవ్వుకోకండి, చివరిదాకా చదవండి. మీ ఇంట్లో గూట్లోనో, హాస్టల్లో ట్రంకు పెట్టెలోనో సగం నొక్కేసిన క్రీం ట్యూబు ఒకటి ఉండే ఉంటుంది. ఇది దాని గురించే.

ముందు నా సంగతి చెప్తాను. డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో ఉండగా తొడల లోపలివైపు గుండ్రంగా తామర లేచింది. చుట్టూ పొలుసులు, రాత్రయితే ఆగని దురద. సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. ఒక మందుల షాపుకెళ్లి "దురదకి ఏదైనా ఇవ్వండి" అన్నాను. చీటీ అడగలేదు, ఎక్కడ, ఎన్నాళ్లనుంచి అని కూడా అడగలేదు. ట్యూబు చేతిలో పెట్టారు. రెండు రోజుల్లో దురద పోయింది. భలే మందు అనుకున్నాను. రాయడం ఆపగానే రెట్టింపై వచ్చింది. మళ్లీ రాశాను. మళ్లీ తగ్గింది, మళ్లీ వచ్చింది. ఇలా ఏడు నెలలు గడిచాక చర్మ డాక్టరు దగ్గరికి వెళ్తే అసలు సంగతి తెలిసింది. తామర నయమైంది గానీ తొడల మీద చారలు పడిపోయాయి. అవి ఇంక పోవు. రూమ్మేట్లు ఇద్దరు నా ట్యూబే వాడారు, వాళ్లకీ అదే గతి.

జరిగింది ఇదీ. ఆ ట్యూబులో స్టెరాయిడ్ ఉంది. స్టెరాయిడ్ చేసే పని వాపునీ, ఎరుపునీ, దురదనీ అణచడం. తామర అనేది ఫంగస్, అంటే బూజులాంటి జీవి. స్టెరాయిడ్ దాన్ని చంపదు. మన ఒళ్లు దానితో చేసే పోరాటాన్ని ఆపేస్తుంది. దురద పోయింది కాబట్టి జబ్బు పోయిందనుకుంటాం. లోపల ఫంగస్ అడ్డులేకుండా పాకుతుంది. గుండ్రటి ఆకారం కూడా చెరిగిపోయి, చివరికి డాక్టరే వెంటనే గుర్తుపట్టలేనట్టు తయారవుతుంది.

అలాగని స్టెరాయిడ్ క్రీం విషం అనుకోవద్దు. ఎగ్జిమాకీ, సోరియాసిస్‌కీ అది సరైన మందే. సరైన జబ్బుకి, సరైన చోట, సరైన రోజులు రాస్తే మనిషికి నిద్ర తిరిగి తెచ్చిపెడుతుంది. తప్పంతా జబ్బేదో తెలియకుండా రాయడంలో ఉంది.

పొలుసులు రాలే ప్రతిదీ ఒకటే జబ్బు కాదు

మనవాళ్లు అన్నిటినీ తామరనో, గజ్జినో అనేస్తారు. కానీ తేడాలున్నాయి.

గుండ్రంగా, అంచు దగ్గర ఎర్రగా, రోజురోజుకీ పెద్దదవుతూ దురద పెట్టేది సాధారణంగా తామర. దీనికి ఫంగస్‌ని చంపే మందు కావాలి, స్టెరాయిడ్ కలవని మందు. మచ్చ కనిపించకుండా పోయినా డాక్టరు చెప్పినన్ని రోజులూ రాయాలి. తువ్వాలు, లోదుస్తులు ఎవరివి వాళ్లవే వాడాలి.

వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ చిన్న పొక్కులు లేచి, రాత్రిపూట దురద ఎక్కువై, ఇంట్లో నలుగురూ గోక్కుంటున్నారంటే అది గజ్జి కావచ్చు. కంటికి కనపడనంత చిన్న పురుగు వల్ల వస్తుంది. ఒక్కరు మందు రాసుకుంటే లాభం లేదు. ఇంట్లో అందరూ ఒకే రోజు రాసుకోవాలి.

మోచేతులు, మోకాళ్లు, తల మీద మందంగా వెండిరంగు పొలుసులు కడితే సోరియాసిస్ కావచ్చు. ఇది అంటువ్యాధి కాదు. మళ్లీ చెప్తున్నాను, అంటుకోదు. పక్కన కూర్చుంటే రాదు, ఒకే కంచంలో తిన్నా రాదు. పెళ్లి భోజనాల్లో ఆ మనిషిని పక్కకి నెట్టడం మనం మానుకోవాలి.

జీడి పని చేసేవాళ్లకి చేతులు మండి, పొక్కి, తర్వాత ఎండి పగలడం మీరు చూసే ఉంటారు. సీతంపేట కొండల్లో జీడిపిక్కలు ఏరేవాళ్లకీ, పలాసలో పిక్కలు ఒలిచేవాళ్లకీ ఇది తెలిసిన బాధే. పిక్క తొక్కలో ఉండే జిడ్డురసం చర్మాన్ని కాలుస్తుంది. చేతికి తొడుగు లేకుండా పని చేస్తూ ఎంత ఖరీదైన క్రీం రాసినా ప్రయోజనం లేదు. ఇక్కడ మొదటి మందు గ్లౌజు. అది ఇవ్వాల్సింది పని చేయించుకునేవాళ్లు.

ఇంకొకటి అన్నిటికంటే ముఖ్యం. మచ్చ పాలిపోయి పొడిగా ఉండి, దురద లేకుండా, గిల్లినా తెలియకుండా, చెమట పట్టకుండా ఉంటే ఏ క్రీమూ రాయొద్దు. అది కుష్ఠు కావచ్చు. తిన్నగా పీహెచ్‌సీకి వెళ్లండి. మందు ఉచితం, జబ్బు రకాన్ని బట్టి ఆరు నెలలో, ఏడాదో వాడాలి. పూర్తిగా నయమవుతుంది. ఆలస్యం చేస్తే నరాలు దెబ్బతిని వేళ్లు వంకరపోతాయి, ఆ నష్టం తిరిగి రాదు. కుష్ఠు ఆసుపత్రి అంటే మన ప్రాంతంలో సాలూరు పేరు పెద్దవాళ్లందరికీ తెలుసు. ఆ పేరు చెప్పి భయపెట్టే రోజులు పోవాలి, వెంటనే చూపించుకునే రోజులు రావాలి.

ట్యూబు మీద ఏం చూడాలి

పైన పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు. దాని కింద చిన్న అక్షరాల్లో ఉండేదే అసలు మందు. క్లోబెటసాల్, బీటామెథాసోన్, మొమెటాసోన్, ఫ్లూసినోలోన్, హైడ్రోకార్టిసోన్, వీటిలో ఏదున్నా అది స్టెరాయిడ్. హైడ్రోకార్టిసోన్ తక్కువ బలమైనది, క్లోబెటసాల్ చాలా బలమైనది. కొన్ని ట్యూబుల్లో స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపేస్తారు. ఏ జబ్బైనా ఏదో ఒకటి తగులుతుందిలే అన్న లెక్క అది. మన తొడల మీద చారలు ఆ లెక్క వల్ల వచ్చినవే.

ఒకప్పుడు చర్మానికి రాసే చాలా స్టెరాయిడ్ క్రీములు డాక్టరు చీటీ లేకుండానే అమ్ముకునే సందు చట్టంలో ఉండేది. 2018 మార్చిలో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. దేశంలోని చర్మ డాక్టర్ల సంఘం ఏళ్లతరబడి పోరాడితే వచ్చిన మార్పు అది. చట్టం కాగితం మీద ఉంది. సంతకెళ్లిన రోజు షాపుల్లో ఏం జరుగుతోందో మీకే తెలుసు.

డాక్టరు రాసిస్తే ఎలా వాడాలి

పెద్దవాళ్ల చూపుడువేలు చివర నుంచి మొదటి గీత దాకా ట్యూబు నొక్కితే అది సుమారు అర గ్రాము. రెండు అరచేతులంత చోటుకి అది చాలు. జబ్బు ఉన్న చోట మాత్రమే పలచగా రాయాలి. ఎక్కువ రాస్తే త్వరగా తగ్గదు. రోజుకి ఒకసారో రెండుసార్లో, డాక్టరు చెప్పినట్టే. క్లోబెటసాల్ లాంటి బలమైనవి ఏకధాటిగా రెండు వారాలు మించకూడదు. ముఖం, కనురెప్పలు, చంకలు, గజ్జలు పలచటి చర్మం, అక్కడ బలమైనవి సొంతంగా రాయొద్దు. పసిపిల్లలకైతే అసలే వద్దు. రాసిన చోట ప్లాస్టిక్ కవరు చుట్టొద్దు, మందు లోపలికి ఎక్కువ దిగిపోతుంది. నెలలతరబడి వాడుతున్నవాళ్లు ఈ వ్యాసం చదివి ఒక్కసారిగా ఆపేయొద్దు, జబ్బు ఎదురుతిరుగుతుంది. డాక్టరుకి చూపించి మెల్లగా తగ్గించుకోండి.

పొడి చర్మానికి సగం వైద్యం తడి నిలపడమే. స్నానం గోరువెచ్చటి నీళ్లతో, మరీ వేడి వద్దు. సబ్బు తక్కువ. తువ్వాలుతో అద్దుకున్న వెంటనే, ఒళ్లు ఇంకా తేమగా ఉండగానే వ్యాసిలిన్ లాంటిదో, కొబ్బరినూనో ధారాళంగా రాయాలి. స్టెరాయిడ్ పలచగా, తేమ క్రీం ధారాళంగా. ఈ రెండిటినీ తారుమారు చేయొద్దు. రెండిటి మధ్య అరగంట ఎడం ఉంచితే మంచిది. మందపాటి పొలుసులకి శాలిసిలిక్ ఆసిడ్ కలిసిన ఆయింట్‌మెంట్ ఇస్తారు. అది పగిలిన చర్మం మీద మండుతుంది, చిన్నపిల్లలకి ఒళ్లంతా రాయకూడదు.

మన కొండల్లో ఇంకో జాగ్రత్త కావాలి. చలికాలం నెగడు చుట్టూ కూర్చుంటాం. జిడ్డు క్రీములు రోజూ పీల్చుకున్న దుప్పటీ, చీర, చొక్కా నిప్పు తగిలితే మామూలు బట్టకన్నా వేగంగా మండుతాయి. 2018లో బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ ఈ ప్రమాదం గురించే హెచ్చరించింది. మంట దగ్గర కూర్చునే ముదుసలి అవ్వకి క్రీం రాస్తే నిప్పుకి ఎడంగా కూర్చోబెట్టండి. దుప్పట్లు తరచూ ఉతకండి. ఉతికినా జిడ్డు పూర్తిగా పోదని గుర్తుంచుకోండి.

తెల్లబడటానికి రాస్తున్న చెల్లెళ్లకి

స్టెరాయిడ్ రాస్తే కొన్నాళ్లు చర్మం రంగు తగ్గినట్టు కనిపిస్తుంది. అందుకే దాన్ని ముఖానికి రాసే అలవాటు హాస్టళ్లకి పాకింది. తర్వాత వచ్చేవి మొటిమలు, ఎరుపు, ఎండలోకెళ్తే మంట, ముఖం మీద సన్నని వెంట్రుకలు. ఆపితే ముఖం భగ్గుమంటుంది. కాబట్టి ఆపలేరు. అమ్మా, మన రంగు జబ్బు కాదు. దానికి మందు అక్కర్లేదు.

మనం అడగాల్సింది

"అంత చదువుకున్నోడివి, డాక్టర్ దగ్గరికి ఎల్లాలని తెలీదేటి?" అని మా ఊళ్లో ఒక మావయ్య నన్నడిగాడు. తెలుసు మావయ్యా. కానీ కొండ దిగి, ఆటో ఎక్కి, బస్సు మారి, ఒకరోజు కూలి పోగొట్టుకుని శ్రీకాకుళమో విశాఖో వెళ్లాలి. షాపు మాత్రం సంతలోనే ఉంది. పేదవాడు దగ్గరున్న తలుపే తడతాడు. తప్పు వాడిది కాదు.

అందుకే మనం అడుగుదాం. సీతంపేట, పార్వతీపురం ఐటీడీఏల పరిధిలో నెలకి కొన్ని రోజులైనా చర్మ డాక్టరు కొండ మీదికే రావాలి. పీహెచ్‌సీల్లో స్టెరాయిడ్ లేని తామర మందు, గజ్జి మందు, తేమ ఆయింట్‌మెంట్ ఎప్పుడూ ఉండాలి. గురుకులాల్లో, ఆశ్రమ పాఠశాలల్లో చర్మ పరీక్ష జరగాలి, పిల్లలకి వేరు వేరు తువ్వాళ్లు ఇవ్వాలి. షెడ్యూల్ హెచ్ ఏజెన్సీలో కూడా అమలు కావాలి. అప్పటిదాకా ఊళ్లో ఆశా అక్కని, ఏఎన్ఎంని అడగండి. ఇ-సంజీవని ద్వారా డాక్టరుతో మాట్లాడించమనండి.

ఈ రోజు మాత్రం ఒక్క పని చేయండి. గూట్లో ఉన్న ఆ ట్యూబు తీయండి. చిన్న అక్షరాలు చదవండి. చదువు రాని మీ అమ్మకి, అవ్వకి చదివి వినిపించండి. మనల్ని చదివించింది ఇందుకే కదా.