సిరంజి మీద కేసు... వైరస్‌కు వెసులుబాటు

మత్తుమందు ఒంటిని గుల్ల చేస్తుంది. ఆ ఒంట్లోనే హెచ్‌ఐవీ కూడా తిష్ఠ వేస్తే, మత్తు ఆ వైరస్‌నూ మారుస్తుందా? ఇరవై ఏళ్ల కిందట ప్యూర్టోరికో శాస్త్రవేత్తలు ఈ ప్రశ్నతోనే ఆరు రీసస్ కోతులకు మార్ఫిన్ అలవాటు చేశారు. తర్వాత వాటికీ, మత్తు ఎరగని మరో మూడింటికీ కోతుల ఎయిడ్స్ వైరస్ ఎస్‌ఐవీని, హెచ్‌ఐవీ జన్యువులు కలిపి తయారుచేసిన దాని మరో రూపాన్నీ ఎక్కించారు. మార్ఫిన్‌కు అలవాటుపడ్డ వాటిలో మూడు కోతులు 20 వారాల్లోనే చనిపోయాయి.

అసలు విశేషం జన్యువులను పరిశీలించాక తేలింది. త్వరగా చనిపోయిన కోతుల్లో వైరస్ విపరీతంగా పెరిగింది కానీ, దాని సంతతిని పెంచే టాట్ జన్యువు పెద్దగా మారలేదు. నెమ్మదిగా జబ్బుపడిన కోతుల్లోనే ఆ మార్పులు ఎక్కువ. రోగనిరోధక వ్యవస్థ వెంటపడి తరుముతుంటేనే వైరస్‌కు వేషం మార్చే అవసరం వస్తుంది. తరిమే బలం తగ్గితే ఉన్న వేషంతోనే పని జరిగిపోతుంది. మార్పు తక్కువంటే ముప్పు తక్కువని కాదన్నమాట.

తొమ్మిది కోతులతో మనుషుల గురించి తీర్పు చెప్పలేం. అయితే 1990ల మధ్యలో ఉక్రెయిన్ ఓడరేవు నగరం ఒడెస్సాలో డ్రగ్స్ ఎక్కించుకునేవాళ్ల మధ్య మొదలై రష్యా అంతటా పాకిన ‘ఎ’ రకం హెచ్‌ఐవీ కథా ఇలాంటిదే. కొత్తగా సోకినవారిలో రోగనిరోధక శక్తి మేల్కొనేలోపే వైరస్ సూది మీదుగా మరొకరికి చేరిపోయింది. నెమ్మదిగా పాకే చోట్ల కంటే అక్కడ దాని పరిణామ వేగం తక్కువగా నమోదు కావడానికి అదే కారణమని పరిశోధకుల అంచనా.

మరి మత్తు వల్ల కొత్త రకాలు పుట్టవా? పుడతాయి, కానీ దారి వేరు. హెచ్‌ఐవీ కణంలో రెండు జన్యు ప్రతులు ఉంటాయి. ఒకే మనిషికి రెండు రకాలు సోకితే, నకలు తీసే ఎంజైమ్ ఒక ప్రతి నుంచి మరో ప్రతికి దూకి సంకర వైరస్‌ను తయారుచేస్తుంది. పదిమంది చేతులు మారిన సిరంజి ఆ అవకాశాన్ని పెంచుతుంది. 1996లో రష్యాలోని కాలినిన్‌గ్రాడ్‌లో డ్రగ్స్ వాడేవారిలో పేలిన మహమ్మారికి కారణం ‘ఎ’, ‘బి’ రకాల సంకరమే. చైనాలో విస్తరించిన రెండు ప్రధాన సంకరాల్లోనూ థాయ్‌లాండ్ వైపు ‘బి’ రకంతో కలిసింది ‘సి’ రకం. తెలుగు రాష్ట్రాలు సహా భారత్‌లో ఎక్కువగా కనిపించేది కూడా ‘సి’ రకమే. ఆ రెండు సంకరాల వ్యాప్తికి మయన్మార్ సరిహద్దులోని చైనా రాష్ట్రం యునాన్ నుంచి సాగిన హెరాయిన్ దారులతో సంబంధముందని జన్యు అధ్యయనాలు చెబుతున్నాయి.

అంటే వైరస్ కలయికకు వేదికవుతున్నది వ్యసనపరుడి శీలం కాదు, శుభ్రమైన సూది దొరకకపోవడం. అందుకే మత్తు సమస్యను పోలీసు కేసుగానే చూడటం పొరపాటు. అరెస్టు భయం మనిషిని చీకటి గదికి, అక్కడున్న ఒకే ఒక్క సిరంజికి నెడుతుంది.

అమెరికా ఇండియానా రాష్ట్రంలోని స్కాట్ కౌంటీ దీనికి నిదర్శనం. నాలుగు వేల పైచిలుకు జనాభా ఉన్న ఆస్టిన్ పట్టణం కేంద్రంగా, నొప్పి మాత్రలను కరిగించి ఎక్కించుకునేవారిలో 2015 చివరికి 180 మందికి పైగా హెచ్‌ఐవీ బయటపడింది. వారి వైరస్ జన్యుక్రమాలు దాదాపు ఒకేలా ఉన్నాయి. వాడిన సూదులు తీసుకుని కొత్తవి ఇచ్చే ‘సూదుల మార్పిడి’ని మొదట వ్యతిరేకించిన గవర్నర్ మైక్ పెన్స్ చివరకు అనుమతించారు. కొత్త కేసులు తగ్గాయి. అయినా 2021లో కౌంటీ పాలకులు ఆ కార్యక్రమాన్ని ముగించాలని ఓటేశారు!

మణిపూర్ ఇంతకంటే ముందే మేల్కొంది. 1990 నాటికే సూది మత్తు వాడేవారిలో హెచ్‌ఐవీ దావానలంలా పాకిన ఆ రాష్ట్రం, 1996లోనే మత్తు వాడకం వల్ల కలిగే హాని తగ్గింపును తన ఎయిడ్స్ విధానంలో చేర్చింది. ఇప్పుడు జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (న్యాకో) దేశంలో కొత్త సిరంజిలు, వ్యసన చికిత్సకు వాడే బ్యూప్రెనార్ఫిన్ మాత్రలు ఇప్పిస్తోంది. తెలుగు రాష్ట్రాల్లో హెచ్‌ఐవీ ప్రధానంగా లైంగిక సంబంధాల ద్వారానే పాకింది. అలాగని ఇక్కడి ప్రభుత్వాలు డ్రగ్స్‌పై పోరాటాన్ని దాడులు, అరెస్టులకే పరిమితం చేయకూడదు. సూది మత్తు కనిపించిన ప్రతిచోటా సిరంజి మార్పిడి, మాత్రల చికిత్స, హెచ్‌ఐవీ పరీక్ష ఒకే గడపలో దొరకాలి. ఆ గడప దగ్గర పోలీసు కాపలా ఉండకూడదు.